చింతచెట్టుకి అద్దె ఎవరిస్తారు?

పద్దు పుస్తకం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో పంట బీమా గురించి రాస్తూ మధ్యలో ఒక మాట అన్నాను. పక్షుల్నీ తాబేళ్ళనీ కాపాడమని అందరూ చెబుతారు, ఆ ఖర్చు ఎవరి జేబులోంచి పోతోందో ఎవరూ అడగరు అని. దాని మీద ఇరవై ఏడు ఉత్తరాలొచ్చాయి. బంగారం అప్పు గురించి రాసినప్పుడు కూడా ఇన్ని రాలేదు. నేను పక్షుల శాస్త్రం చదివినవాణ్ణి కాను. ముప్పై ఒక్క ఏళ్ళు బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరుగా టెక్కలి, పలాస, రాజాం వైపు మోటారు సైకిలు మీద తిరిగినవాణ్ణి. నాకొచ్చిన విద్యల్లా పద్దు రాయడం ఒక్కటే. అందుకే అన్నీ ఆ కళ్ళజోడులోంచే చూస్తాను. ఆరు ఉత్తరాలు తీసుకున్నాను. అందులో ఒకటి నన్ను తిడుతూ రాసింది, దాన్ని చివర్లో పెట్టాను.

ప్రశ్న: మాది తేలినీలాపురం పక్షుల ఊరి దగ్గర. మా దొడ్లో రెండు చింతచెట్లున్నాయి. ఏటా సెప్టెంబరు దాటితే చాలు, పక్షులొచ్చి గూళ్ళు పెట్టేస్తాయి. కాయ దులిపే రోజులకి పైన పిల్లలుంటాయి, కర్ర ఎత్తలేం. ఇదివరకు రెండు చెట్లకీ కలిపి అరవై కిలోల పండు వచ్చేది, ఇప్పుడు పది కిలోలు చేతికొస్తే గొప్ప. కింద రెట్ట, కుళ్ళిన చేపల కంపు. రెండు చెట్లూ కొట్టుకుపోతే ఇరవై వేలు ఇస్తానని కలప వ్యాపారి తిరుగుతున్నాడు. మా అత్తగారు ప్రాణం పోయినా వద్దంటారు. పక్షులు ప్రపంచానివట, చెట్టు మాత్రం మాది. మాకేటి లాభం?
— ఒక గృహిణి, టెక్కలి మండలం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అందిన వారంలోనే తేలినీలాపురం వెళ్ళొచ్చాను. పక్షుల సీజను కాదు కాబట్టి చెట్లు ఖాళీగా ఉన్నాయి. వానలు పడ్డా కొమ్మల మీద సున్నం కారినట్టు తెల్లటి చారలు ఇంకా ఉన్నాయి. ఒక కొమ్మ సందులో పుల్లల గూడు సగం విరిగి వేలాడుతోంది. ఒక ముసలాయన దాని కిందే మంచం వేసుకుని పడుకున్నాడు. 'ఏటి బాబూ, ఇప్పుడొచ్చావు? అవి లేవు కదా' అన్నాడు, ఇంట్లో వాళ్ళు ఊరెళ్ళినట్టుగా.

ముందు ఒక పిడకల వేట. టెక్కలి బస్టాండులో ఆటోవాడి దగ్గర్నుంచి అందరూ వీటిని సైబీరియా పక్షులంటారు. నొప్పించాలని కాదుగానీ, అక్కడ గూళ్ళు పెట్టే గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ సైబీరియా మొహం చూసినవి కావు. దక్షిణాసియాలోనే, నీళ్ళూ చేపలూ దొరికేచోటికి తిరిగే పక్షులవి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానాకాలంలో వచ్చే నత్తగుల్ల కొంగలదీ అదే సంగతి. దూరం నుంచి వచ్చిన అల్లుడికే మర్యాద ఎక్కువని కాబోలు, మనవాళ్ళు సైబీరియా అంటగట్టారు.

ఇక పద్దు. యాభై కిలోల పండు పోతోంది. కిలో వంద వేసుకున్నా ఏడాదికి అయిదు వేలు. అంటే నాలుగేళ్ళకోసారి మీ ఇల్లు రెండు చెట్ల కలప డబ్బూ ప్రపంచానికి చందా ఇస్తోంది, రసీదు లేకుండా. జమ వైపు ఏముంది? చెట్టు కింద మట్టి తవ్వి బెండ మొక్కలకి వేసుకుంటామని ఉత్తరం చివర మీరే రాశారు. అదొక్కటే మీది. చూడవచ్చినవాళ్ళ సంతోషం, టీకొట్టు గిరాకీ, స్కూలు పిల్లల విహారయాత్ర, ఒక జాతి నిలబడటం, ఇవన్నీ వేరేవాళ్ళ జమలు. భోజనం ఊరందరికీ, బియ్యం ఒక్క ఇంట్లోంచి.

1997లో కొందరు శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు కూర్చుని ప్రకృతి మనకి చేసే పనులన్నిటికీ ఖరీదు కడితే ఏడాదికి దాదాపు 33 లక్షల కోట్ల డాలర్లు తేలింది. అప్పట్లో ప్రపంచ దేశాలన్నిటి ఉత్పత్తీ కలిపినా 18 లక్షల కోట్లే. లెక్క కట్టిన తీరు మీద బోలెడు తగువులయ్యాయి, అది వేరే సంగతి. అంత మొత్తంలో మీ చింతచెట్టు వాటాగా ఎవరూ మనియార్డరు పంపలేదన్నది మాత్రం ఖాయం.

పంపిన దేశం ఒకటుంది. కోస్టారికా 1996లో చట్టం చేసి, ఇంధనం మీద వసూలు చేసే పన్నులో ఒక వాటా తీసి, సొంత భూమిలో అడవిని నిలబెట్టిన రైతులకి విస్తీర్ణం లెక్కన డబ్బు కట్టడం మొదలుపెట్టింది. బండి నడిపేవాడి జేబులోంచి తీసి, చెట్టు నిలిపినవాడి జేబులో వేయడం. నాకు నచ్చిన ఏర్పాటు. దీనిలోనూ ఒక చిక్కుంది. ఎటూ చెట్టు కొట్టే ఉద్దేశం లేనివాళ్ళకే డబ్బులో చాలా భాగం పోయిందని తర్వాత పరిశీలించినవాళ్ళు తేల్చారు. బ్యాంకులోనూ అంతే కదా, అప్పు అక్కర్లేనివాడికే అప్పు సులువుగా దొరుకుతుంది.

ఇంకో చిక్కు మీ అత్తగారు. నవ్వకండి, నిజంగానే అంటున్నాను. ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఇద్దరు ఆర్థికవేత్తలు పది శిశు సంరక్షణ కేంద్రాల్ని గమనించారు. సాయంత్రం పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్ళే తల్లిదండ్రులకి కొన్ని కేంద్రాల్లో జరిమానా పెడితే, ఆలస్యం చేసేవాళ్ళు తగ్గకపోగా పెరిగారు. అంతవరకూ టీచరు ఎదురుచూస్తుందే అని మొహమాటపడినవాళ్ళు, ఇప్పుడు డబ్బు కడుతున్నాం కదా అనుకున్నారు. జరిమానా ఎత్తేశాక కూడా ఆ మొహమాటం తిరిగి రాలేదు. 2000లో అచ్చయిన పరిశోధన ఇది. మీ అత్తగారు పక్షులు రాకపోతే ఊరికి అరిష్టమని నమ్మే తరం. ఆమెకి నెలకింత అని జీతం కడితే, డబ్బు రాని ఏడాది 'కొట్టేయండిరా' అనే రోజు రావచ్చు. కాబట్టి ఆమె ప్రేమకి వెల కట్టొద్దు, పోయిన పండుకి నష్టపరిహారం కట్టాలి. రెండూ ఒకటి కావు.

ఎవరు కట్టాలి? 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊళ్ళో ఏయే జీవాలున్నాయో రాసే రిజిస్టరు ఉండాలి, ఒక స్థానిక నిధి కూడా ఉండొచ్చు. మీ సర్పంచిని అడగండి. కాగితం మీద కమిటీ ఉండే ఉంటుంది. చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు, నిధిలో ఎంతుంది, ఆ రెండూ అడగండి. చూడవచ్చేవాళ్ళ దగ్గర తీసుకునే రుసుములో ఒక భాగం, గూళ్ళున్న చెట్ల యజమానులకి చెట్టుకింత అని పంచమని గ్రామసభలో అర్జీ పెట్టండి. అర్జీ నేను రాసిపెడతాను, ఊరికే.

కలప వ్యాపారిని మాత్రం ఈలోగా గుమ్మం ఎక్కనివ్వకండి.

ప్రశ్న: మా చిన్నప్పుడు గొడ్డు చస్తే గంటలో రాబందులు దిగేవి. ఇప్పుడు మా పిల్లలు వాటిని చూడనే లేదు. పోతే పోయాయి, అసహ్యమైన పక్షి. దాని వల్ల మనకొచ్చిన నష్టం ఏమైనా ఉందా?
— ఒక రైతు, రాజాం

జవాబు: ఉంది, అదీ మనుషుల ప్రాణాల్లో.

నేను రాజాంలో పనిచేసిన రోజుల్లో పశువుల అప్పులకి బీమా ఉండేది. గేదె చస్తే చెవి బిళ్ళ స్వయంగా చూసి క్లెయిము రాయాలి. ఓసారి ఒక ఊరి పొలిమేరకి వెళ్ళేసరికి ఇరవై ముప్పై రాబందులు పనిలో ఉన్నాయి. రైతు తెలివైనవాడు, ముందే బిళ్ళతో సహా చెవి కోసి కాగితంలో చుట్టి ఉంచాడు. 'మీరొచ్చేదాకా అవి ఆగవు కదండీ' అన్నాడు. నేను పక్కూళ్ళో ఇంకో పని చూసుకుని తిరిగొచ్చేసరికి ఎముకల గూడు మిగిలింది, వాసన కూడా లేదు. పద్నాలుగు పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ అదే పొలిమేరకి, అలాంటి పని మీదే వెళ్ళాను. ఎద్దు చచ్చి నాలుగు రోజులట. ముక్కు మూసుకుని నిలబడ్డాను. ఎనిమిది కుక్కలున్నాయి, నన్ను చూసి గుర్రుమన్నాయి. పక్కనే గెడ్డ, దాన్లో నీళ్ళు కిందనున్న పల్లెకి పోతాయి.

ఆ మధ్యలో జరిగింది డైక్లోఫెనాక్. పశువులకి నొప్పులకీ జ్వరానికీ వేసే ఇంజెక్షను. 1990లలో చవగ్గా దొరకడం మొదలైంది. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన గొడ్డుని తిన్న రాబందుకి కిడ్నీలు పోతాయి. ఈ సంగతి శాస్త్రవేత్తలు 2004లో తేల్చారు, మన దేశం 2006లో పశువులకి ఆ మందు నిషేధించింది. అప్పటికే కొన్ని జాతుల్లో నూటికి తొంభై అయిదుకి పైగా పోయాయి.

2024లో ఒక ప్రసిద్ధ ఆర్థికశాస్త్ర పత్రికలో ఇయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు లెక్క వేశారు. రాబందులు ఎక్కువగా ఉండి పోయిన జిల్లాల్నీ, మొదట్నుంచీ పెద్దగా లేని జిల్లాల్నీ పోల్చి చూస్తే, 2000 నుంచి 2005 లోపు దేశంలో దాదాపు అయిదు లక్షల మంది అదనంగా చనిపోయారని తేలింది. నీళ్ళలో కుళ్ళు, పెరిగిన కుక్కలు, వాటితో రేబిస్. ఏడాదికి దాదాపు 7,000 కోట్ల డాలర్ల నష్టమని వాళ్ళ అంచనా. ఒక ఇంజెక్షనుతో రైతుకి మిగిలింది కొన్ని రూపాయలు. మందు కంపెనీ పద్దు, రైతు పద్దు, పశువుల డాక్టరు పద్దు, మూడూ లాభంలోనే ఉన్నాయి. నష్టం రాసుకోవడానికి నాలుగో పుస్తకమే లేదు.

మెలాక్సికామ్ అనే మందు రాబందులకి హాని చేయదు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే మరో రెండు మందుల్ని కూడా పశువులకి వాడకూడదని 2023లో నిషేధించారు. మీ గేదెకి ఇంజెక్షను వేయించేటప్పుడు ఒక్కసారి సీసా మీద పేరు చదవండి.

ప్రశ్న: మేం తెప్పల మీద వేటకెళ్ళేవాళ్ళం. తాబేళ్ళు చచ్చి కొట్టుకొస్తే పేపర్లో ఫోటో మా ఊరిది పడుతుంది, చంపిన మరబోటుది పడదు. పైగా రెండు నెలలు వేట ఆపమంటారు. మన తాబేళ్ళ కోసం అమెరికావాడు రొయ్యలు కొనడం మానేశాడట. వాడికెందుకు మన తాబేలు?
— ఒక మత్స్యకారుడు, సోంపేట మండలం

జవాబు: తమ్ముడూ, నీ కోపంలో సగం న్యాయం ఉంది. మిగతా సగం రెండు వేర్వేరు సంగతులు కలిసిపోవడం వల్ల వచ్చింది.

వేట నిషేధం మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది ముఖ్యంగా చేపలు గుడ్లు పెట్టి పెరగడం కోసం పెట్టింది. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వచ్చేది దానికి ముందే, చలికాలం నుంచి మార్చి దాకా. ఒక్కో తల్లి నూరుకి అటూ ఇటూ గుడ్లు ఇసకలో పాతిపెట్టి వెళ్ళిపోతుంది. నువ్వు నాకంటే ఎక్కువ చూసి ఉంటావు. తాబేలు చేప కాదు, పైకొచ్చి ఊపిరి పీల్చుకోవాలి. గంటల తరబడి ఈడ్చే ట్రాలు వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు రాకూడదని మన రాష్ట్రంలో నిబంధన ఉంది. అది సరిగ్గా అమలైతే తాబేళ్ళూ బతుకుతాయి, నీ వలలూ చిరగవు.

అమెరికా సంగతి. 1989లో వాళ్ళొక చట్టం చేసుకున్నారు. తాబేళ్ళు తప్పించుకునే ఏర్పాటు లేని వలలతో పట్టిన రొయ్యలు కొనం అని. ఆ ఏర్పాటు పెద్ద యంత్రమేం కాదు. వల గొంతు దగ్గర ఏటవాలుగా కమ్మీల చట్రం, దాని పక్కన ఒక తెరుచుకునే కంత. రొయ్య కమ్మీల సందులోంచి వెనక సంచిలోకి పోతుంది, తాబేలు కమ్మీలకి తగిలి కంతలోంచి బయటపడుతుంది. మన దేశం, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. 1998లో తీర్పొచ్చింది. తాబేలుని కాపాడాలన్న ఉద్దేశం తప్పు కాదు, ఒక్కో దేశాన్ని ఒక్కోలా చూడటం తప్పు అని. అమెరికా పద్ధతి సరిచేసుకుంది గానీ చట్టం అలాగే ఉంచింది. 2019 నుంచి మన సముద్రపు రొయ్యలు కొనడం ఆపేసింది.

మరబోటు యజమాని ఆ చట్రం ఎందుకు పెట్టడు? కంతలోంచి కొంత సరుకూ జారిపోతుంది. ఆ నష్టం తనది, బతికిన తాబేలు వల్ల తనకి పైసా రాదు. అతని పద్దులో తాబేలు సున్నా. అమెరికావాడు చేసిందల్లా ఆ సున్నా పక్కన ఒక అంకె వేయడం. వాడి మంచితనం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అక్కడి రొయ్యల పడవలవాళ్ళు 'మాకు పెట్టిన ఖర్చు బయటివాళ్ళకీ పెట్టండి' అని పట్టుబట్టడం కూడా అందులో ఉంది. అయినా సున్నా పోయింది. ఇందులో ఒక అన్యాయం మిగిలింది. ఆ ఆంక్ష సముద్రంలో పట్టిన రొయ్యకే గానీ చెరువులో పెంచిన రొయ్యకి కాదు. మన ఎగుమతుల్లో పెద్ద వాటా చెరువు రొయ్యే. పెద్ద వ్యాపారానికి చీమ కుట్టినట్టయినా లేదు.

ఇక నీ రెండు నెలలు. 2025 ఏప్రిల్‌లో మన శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలోనే కుటుంబానికి 20,000 చొప్పున పంపిణీ మొదలుపెట్టారు, అంతకుముందు 10,000 ఉండేది. 61 రోజులకి పంచితే రోజుకి 328 రూపాయలు. చాలదు, ఒప్పుకుంటాను. చాలకే కదా మనవాళ్ళు గుజరాత్ వీరావల్ దాకా బోట్ల మీద కూలికి పోతున్నారు. నువ్వు దాన్ని సాయం అని రాశావు ఉత్తరంలో. నేనైతే అద్దె అంటాను. సముద్రాన్ని రెండు నెలలు ఖాళీగా ఉంచినందుకు నీకు రావలసిన అద్దె. సాయం అంటే ఎంతిచ్చినా దండం పెట్టాలి. అద్దె అయితే పెంచమని అడగొచ్చు.

ప్రశ్న: నేను గ్రూప్-2 కి ప్రిపేరవుతున్నాను. కున్మింగ్-మాంట్రియల్ ఒప్పందంలో డబ్బు అంకెలు గుర్తుండటం లేదు, పరీక్ష దగ్గరికొచ్చేసి టెన్షన్‌గా ఉంది. సులువుగా చెప్పగలరా?
— ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: చెబుతానమ్మా, రాసుకో. జీవజాతుల్ని కాపాడుకోవడానికి ప్రపంచ దేశాలు కుదుర్చుకున్న ఒప్పందమిది. 2022 డిసెంబరు, మాంట్రియల్. మొత్తం 23 లక్ష్యాలు. అన్నిటికంటే పేరు మోసింది 2030కల్లా నేలలో 30 శాతం, సముద్రంలో 30 శాతం రక్షణలోకి తేవడం. ఖర్చు: అన్ని వైపుల నుంచీ కలిపి 2030కల్లా ఏడాదికి కనీసం 20,000 కోట్ల డాలర్లు సమీకరించాలి. అందులో బీద దేశాలకి 2025కి ఏడాదికి 2,000 కోట్లు, 2030కి 3,000 కోట్లు చేరాలి. ప్రకృతికి చేటు చేసే సబ్సిడీలు 2030కల్లా ఏడాదికి కనీసం 50,000 కోట్ల డాలర్ల మేర తగ్గించాలి.

చివరి అంకె ఒక్కసారి మళ్ళీ చూడు. కాపాడటానికి పెట్టాల్సిన దానికంటే, చెడగొట్టడానికి పెడుతున్నది ఆపాల్సిందే ఎక్కువ. మీ విజయనగరం చుట్టూ ఏ రైతింటికి వెళ్ళినా మూలన యూరియా బస్తా ఉంటుంది. 45 కిలోలు, 266 రూపాయల 50 పైసలు. అసలు ఖర్చు దానికి చాలా రెట్లు, మిగతాది కేంద్రం భరిస్తుంది. చవగ్గా దొరుకుతుంది కాబట్టి కావలసిన దానికంటే చల్లుతాం, మిగిలింది చెరువులో చేరి గుర్రపుడెక్కని మేపుతుంది. అలా అని రేపట్నుంచి సబ్సిడీ తీసేస్తే చిన్న రైతు ఏమవుతాడు? ఆ 50,000 కోట్లు కాగితం మీద తగ్గించినంత సులువుగా పొలంలో తగ్గవు. మెయిన్స్‌లో వ్యాసం వస్తే ఇది రాయి, అంకెలు అందరూ రాస్తారు.

ఇంకో రెండు ముక్కలు. దీనికి తల్లివేరైన జీవవైవిధ్య ఒప్పందం 11వ సదస్సు 2012 అక్టోబరులో మన హైదరాబాద్‌లో జరిగింది. 2024లో కొలంబియాలోని కాలీలో ఒక నిధికి ఒప్పుకున్నారు. మొక్కల, జీవాల జన్యు సమాచారం వాడుకుని సంపాదించే పెద్ద కంపెనీలు లాభంలో 1 శాతం గానీ అమ్మకాల్లో 0.1 శాతం గానీ దాన్లో వేయాలి. 'వేయాలి' అంటే, ఇష్టమైతే. మరో సంగతి, పైన మన తాబేళ్ళ కోసం రొయ్యలాపిన అమెరికా ఆ తల్లివేరు ఒప్పందంలో ఇప్పటికీ సభ్యురాలు కాదు. సంతకం పెట్టింది, ఆమోదించలేదు.

ప్రశ్న: మా జీడితోటలోకి ఎలుగుబంట్లు వస్తున్నాయి. వేకువనే పిక్కలు ఏరడానికి వెళ్ళలేకపోతున్నాం. ఫారెస్టు వాళ్ళు చంపొద్దంటారు. మనిషి కంటే ఎలుగు ఎక్కువా?
— మందస మండలం నుంచి

జవాబు: దీనికి చక్కని జవాబు నా దగ్గర లేదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఏం జరిగిందో ఉద్దానం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మనిషి పోయాడు, చాలామంది గాయపడ్డారు, చివరికి పట్టుకున్న ఎలుగూ బతకలేదు.

ఒక్క సంగతి పద్దు రాసేవాడిగా చెప్పగలను. మనిషి చనిపోతే పరిహారం ఉంది, గాయానికీ ఉంది. భయానికి లేదు. మీరు వేకువన నాలుగింటికి బదులు ఎండెక్కాక తోటకి వెళ్తున్నారు. అప్పటికి సగం పిక్కలు ఎవరో ఏరుకుపోతారు. తోడు కోసం కూలి ఇంకో మనిషికిస్తున్నారు. పనసపండు పండకముందే కోసి తక్కువకి అమ్మేస్తున్నారు, వాసనకి ఎలుగు వస్తుందని. ఇవేవీ ఏ ఫారంలోనూ లేవు. ఈ నష్టాలు ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాయడం మొదలుపెట్టండి, ఊళ్ళో పది ఇళ్ళవాళ్ళు రాయండి. జీడిపిక్క సీజనుకి సరిపడా రాశాక నాకు పంపితే, ఈ శీర్షికలో ఉన్నదున్నట్టు వేస్తాను.

ప్రశ్న: తమరు బ్యాంకులో ఉన్నప్పుడు మా తంపరలో (నీళ్ళు నిలిచే పల్లపు నేలలో) రొయ్యల చెరువులకి అప్పులిచ్చింది మీరే. గట్లు వేశాక మా పశువులకి మేత పోయింది. ఇప్పుడు రిటైరై పెన్షను తీసుకుంటూ పక్షుల గురించి ప్రవచనాలు చెబుతున్నారు. సిగ్గనిపించదా?
— సంతబొమ్మాళి మండలం, పేరు అక్కర్లేదు

జవాబు: అనిపిస్తుంది.

1993లో అయిదు చెరువులకి అప్పు కాగితాలు నేనే రాశాను. టైగర్ రొయ్య కిలో ధర విని అందరికీ మతిపోయిన రోజులవి. ఫారంలో ఒక గడి ఉండేది, 'భూమి ప్రస్తుత ఉపయోగం' అని. రెండంగుళాల గడి. అయిదు ఫారాల్లోనూ 'నిల్' అని రాశాను.

ఆ రోజు నేను చూసింది ఏమిటంటే, మోకాలి లోతు నీళ్ళలో గేదెలు, కనీసం ముప్పై. గట్టు మీద తుంగ కోసి ఆరబెడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ 'బాబూ, చాప కావాలా' అని అడిగితే రెండు కొన్నాను కూడా. వెదురు బుట్టతో చేపలు దేవుతున్న ఒక కుర్రాడు. దూరంగా బారులు తీరి నిలబడ్డ కొంగలు, బహుశా తేలినీలాపురం చింతచెట్ల మీద పిల్లల్ని వదిలి మేతకొచ్చినవే. ఇదంతా చూసి, మోటారు సైకిలు స్టాండు వేసి, సీటు మీద ఫారం పెట్టి 'నిల్' రాశాను. అబద్ధం చెబుతున్నాననుకోలేదు. ఎవరి పేరునా పట్టా లేని ఉపయోగం ఉపయోగం కాదని నాకు శిక్షణలో నేర్పారు.

ఆ తర్వాత రెండేళ్ళకే తెల్లమచ్చ తెగులొచ్చి తీరమంతా రొయ్య పోయింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర ప్రాంత నిబంధనల పరిధిలో ఉన్న రొయ్యల చెరువుల్ని తొలగించమంది. 2005లో పార్లమెంటు ఒక చట్టం తెచ్చి, రిజిస్టరు చేసుకున్నవాటికి దారి తెరిచింది. సోంపేట బీలలో (అదీ తంపరలాంటి చిత్తడి నేలే) 2010 జులై 14న, మీ కాకరాపల్లి తంపర దగ్గర 2011 ఫిబ్రవరి 28న కాల్పులు జరిగి మనుషులు పోయారు. థర్మల్ కేంద్రాల గొడవ అని బయటివాళ్ళు అంటారు. అసలు తగువు 'బంజరు' అన్న మాట మీద. పైనున్నవాళ్ళకి అది బంజరు, కిందున్నవాళ్ళకి నీళ్ళూ చేపలూ మేతా. సోంపేటకిచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. ఆ వార్త చదివినప్పుడు నాకు నా గడి గుర్తొచ్చింది.

పార్థ దాస్‌గుప్తా అనే ఆర్థికవేత్త బ్రిటన్ ఖజానా శాఖ కోసం 2021లో ఒక పెద్ద నివేదిక రాశారు. 1992 నుంచి 2014 లోపు ప్రపంచంలో మనిషి తలకి రోడ్లు, భవనాలు, యంత్రాల ఆస్తి రెట్టింపయితే, ప్రకృతి ఆస్తి దాదాపు 40 శాతం తరిగిందని అందులో ఉంది. తరిగినదాన్ని ఎవరూ ఖర్చు వైపు రాయలేదు కాబట్టి అంతా లాభమే కనబడింది. నా అయిదు ఫారాలూ అందులో ఉన్నాయని చదువుతూ అనుకున్నాను.

ఆ గట్లు తొలగించడం నా చేతిలో లేదు. మీ ఊరి జీవవైవిధ్య రిజిస్టరులో తంపర పేజీ ఖాళీగా ఉంటే వచ్చి కూర్చుని రాసిస్తాను. ఎవరి పశువులు ఎన్ని, తుంగ ఎన్ని మోపులు, ఏ నెలలో ఏ చేప, మీరు చెబితే నేను రాస్తాను. మీరు పేరు ఇవ్వలేదు కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను.

ఆ అయిదు అప్పుల్లో రెండు తీరాయి. మూడు నేను రిటైరయ్యేనాటికి మొండి బకాయిల జాబితాలో ఉన్నాయి. చాపల్లో ఒకటి చిరిగిపోయింది, రెండోది ఇంకా మా వరండాలో ఉంది.